దారం కొరికిన పన్ను: నా బాండింగ్ అనుభవం

శ్రావణ మాసం. వరలక్ష్మీ వ్రతం ఇంకా రెండు రోజులుంది. షాపులో పదకొండు జాకెట్లు బాకీ. రాత్రి పదకొండున్నరకి ఒక పట్టు జాకెట్టుకి హుక్కులు కుట్టి, ముడి వేసి, అలవాటుగా దారాన్ని ముందు పళ్ళ మధ్య పెట్టి కొరికాను. టక్‌మని చప్పుడైంది. సూది విరిగిందనుకున్నాను. సూది చేతిలోనే ఉంది. మెరూన్ పట్టు మీద తెల్లగా నూకంత ముక్క పడి ఉంది. నాలుకతో తడుముకుంటే పన్ను మూల మళ్ళీ పాతకాలంలాగే గరుగ్గా తగిలింది.

ఆ నూక ఖరీదు పదిహేను వందలు. విరిగిన పన్ను మూలకి ఆరు నెలల క్రితమే అతికించి పెట్టించుకున్న ముక్క అది. దీన్నే బాండింగ్ అంటారు.

నాది తెనాలి. పదిహేడో ఏట మిషను ముందు కూర్చున్నాను, ఇప్పటికీ అదే పని. ఎనిమిదో తరగతిలో ఉండగా బోరింగు దగ్గర బిందె సర్దుదామని వంగితే, కొడుతున్న పిల్ల పిడి వదిలేసింది. పై వరసలో ఎడమవైపు ముందు పన్ను మూల ఎగిరిపోయింది. రెండు రోజులు జివ్వుమంది, తర్వాత మామూలే. "పాలపన్నయితే మళ్ళీ వచ్చేది" అని అమ్మ బాధపడి ఊరుకుంది. అప్పట్నుంచీ నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడమే. నా పెళ్ళి ఆల్బమ్‌లో ఒక్క ఫొటోలోనూ నా పళ్ళు కనపడవు. చూసినవాళ్ళు పెళ్ళికూతురు చాలా నెమ్మదస్తురాలు అనుకునేవారు.

2021లో చెల్లెలి పెళ్ళి కుదిరాక, ఈసారైనా నోరు తెరిచి నవ్వాలనిపించి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్ళాను. పెదవి కింద రెండు దూది ఉండలు దోపి, ఇరవై నిమిషాల్లో పన్ను నిలబెట్టేశారు. పక్క పన్ను కంటే కాస్త తెల్లగా, ఒక పిసరు పొడుగ్గా ఉంది, అంతే. నేనేం పని చేస్తానో వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. బయటికొచ్చేటప్పుడు "గట్టివి కొరక్కండి" అన్నారు. గట్టివంటే చెరుకు గడలు, వేరుశెనగ ఉండలు అనుకున్నాను. దారం గట్టిదని ఎవరనుకుంటారు?

ముక్క ఊడిన తర్వాత అక్కడికే వెళ్ళడానికి మనసొప్పలేదు. మా వదిన చెబితే గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చిన్న అద్దం పెట్టి చూసి అడిగిన మొదటి మాట, "మీరు టైలరా అమ్మా?"

చీర మీద దారం పోగులేమైనా అంటుకున్నాయేమోనని చూసుకున్నాను. లేవు. ఆవిడ నా చేతికి అద్దమిచ్చి, విరిగిన పన్ను కాదు, దాని పక్కన బాగున్న కుడి పన్ను చూడమన్నారు. అంచు మీద చిన్న గాటు. ఇన్నేళ్ళూ రోజూ ఆ పళ్ళే తోముకుంటున్నా ఒక్కనాడూ గమనించలేదు. ఆవిడ ఫ్లాస్ దారం ముక్క తీసి ఆ గాటులో ఆనిస్తే, కాజాలో హుక్కు పడ్డట్టు కూర్చుంది. దారాలు కొరికే టైలర్లకీ, మేకులు నోట్లో పెట్టుకునే వడ్రంగులకీ, పిన్నీసులు పళ్ళతో విప్పే ఆడవాళ్ళకీ ఇలాంటి గాట్లు పడతాయట. సొంత పన్నే అలా అరిగిపోతుంటే, పైన అతికించిన ప్లాస్టిక్ ముక్క ఎంతకాలం ఆగుతుంది?

ప్లాస్టిక్ అన్నది నా మాట. ఆవిడ కాంపోజిట్ అన్నారు. రెజిన్ అనే జిగురులాంటి పదార్థంలో గాజుపొడి లాంటి సన్నటి రేణువులు కలిపిన ముద్ద. వెనీర్ అని పన్ను ముందువైపు అతికించే పల్చటి పింగాణీ రేకు అయితే రంగు పట్టదు, ఎక్కువ కాలం వస్తుంది. కానీ దానికోసం మామూలుగా మన పన్నునే కాస్త అరగదియ్యాలి, ఖర్చూ చాలా ఎక్కువ, విరిగితే మొత్తం మార్చాల్సిందే. బాండింగ్‌కైతే పన్నును దాదాపు ముట్టుకోనక్కర్లేదు, చెడితే చెడినంత మేరకే బాగు చేసుకోవచ్చు. "ఐదారేళ్ళు వస్తుందనుకోండి. కొందరికి రెండేళ్ళే, కొందరికి పదేళ్ళు. సగం నా చేతిలో, సగం మీ నోట్లో" అన్నారు. నేను బాండింగే అన్నాను. బాగున్న గుడ్డని కత్తిరించడమంటే నాకు మొదట్నుంచీ భయం.

ఆ రోజే చేసేస్తారనుకుని వెళ్ళాను. చెయ్యలేదు. చిన్నప్పుడు దెబ్బ తగిలిన పంటికి ఏళ్ళ తర్వాత కూడా లోపల నరం చచ్చిపోవచ్చట. అందుకని ముందు ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది. చిగుళ్ళు ముట్టుకుంటే రక్తం వస్తోందని పళ్ళు క్లీన్ చేసి వారం ఆగి రమ్మన్నారు. అతికించేటప్పుడు రక్తంగానీ ఉమ్ముగానీ ఒక్క చుక్క తగిలినా పట్టు పోతుందట. తర్వాత నీలం కాగితం ముక్క పళ్ళ మధ్య పెట్టి టకటకా కొరకమన్నారు, దవడ ముందుకీ పక్కకీ జరపమన్నారు. కింది పన్ను ఒకటి సరిగ్గా విరిగిన మూల మీదకే వచ్చి కొడుతోంది. మొదటిసారి ఆ పిసరు పొడుగెందుకు ముప్పు తెచ్చిందో అప్పుడర్థమైంది.

"రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతారా?" అనడిగారు. లేదన్నాను. పక్కనే నిలబడ్డ మా ఆయన ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు, "అబ్బో, రోలు రుబ్బినట్టుంటుందండీ" అన్నాడు. మా అత్తయ్య అది కడుపులో నులిపురుగుల వల్లేనని చెప్పి నాకు రెండుసార్లు మాత్రలు మింగించింది కూడా. డాక్టరమ్మ నవ్వి, పురుగులకీ దీనికీ సంబంధం లేదనీ, టెన్షన్ ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఇది మామూలేననీ చెప్పారు. బాండింగ్ అయ్యాక రాత్రిపూట పెట్టుకోడానికి నైట్ గార్డ్ అనే పళ్ళ తొడుగు చేయించుకోమన్నారు, మూడు వేలు అదనం. అప్పుడు గొణిగాను.

ఎలాగూ చేయించుకుంటున్నాను కదా, పళ్ళన్నీ తెల్లగా చేయించి ఆ తెలుపులో ముక్క పెట్టించుకుంటే పోలా అని కూడా అడిగాను. చేయించుకుంటే ముందే చేయించుకోవాలట. ఆ మందు ప్రభావం పంటిలో కొన్నాళ్ళు ఉండి అతుకును పట్టనివ్వదు కాబట్టి తర్వాత కనీసం రెండు వారాలు ఆగాలి. బాండింగ్ అయ్యాక తెల్లబరిస్తే పళ్ళు మాత్రమే తెల్లబడతాయి, ముక్క పాత రంగులోనే ఉండిపోతుంది. నాకు వద్దనిపించింది. రోజుకి నాలుగు టీలు తాగేదాన్ని, ఆ తెలుపు ఎన్నాళ్ళుంటుంది?

వారం తర్వాత వెళ్ళాను. కూర్చోగానే కుర్చీ లైటు ఆపేసి నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. పళ్ళ రంగుల పట్టీ ఒకటుంది, ఏ1, ఏ2, ఏ3 అని నంబర్లతో. ఒక్కొక్కటీ నా పంటి పక్కన పెట్టి చూశారు. చూస్తుంటే నాకు ముచ్చటేసింది, మా పని కూడా ఇదే కదా. చీర మీదకి దారం తీసేటప్పుడు ట్యూబ్‌లైటు కింద ఎప్పుడూ చూడం, షాపు మెట్ల మీదకి తీసుకొచ్చి ఎండలో పెట్టి చూస్తాం. ఆవిడ ఇంకో మాట చెప్పారు. రంగు చూడ్డం మొట్టమొదటే చెయ్యాలి. నోరు తెరుచుకుని కాసేపుంటే పన్ను ఆరి అసలుకంటే తెల్లగా కనపడుతుంది. ఆ తెలుపుకి సరిపెడితే ఇంటికెళ్ళేసరికి పన్ను తడిసి పాత రంగుకొచ్చేస్తుంది, ముక్క మాత్రం తెల్లగా మిగిలిపోతుంది. నా మొదటి ముక్క కథ అదేనేమో. అనుమానం లేకుండా ఏ2 ముద్ద కాస్త, ఏ3 ముద్ద కాస్త పంటి మీద ఉత్తినే అద్ది, లైటుతో గట్టిపరిచి, అద్దంలో చూపించి, గోటితో గీకినట్టు తీసేశారు. లోపలికి ఏ3, పైన ఏ2 కంటే పలచగా, వెలుగు దూరేలా ఉండేది ఇంకోటి. నిజం పన్ను కూడా అంతేనట, లోపల చిక్కటి రంగు, పైన పలచటి పొర. లైనింగు మీద నెట్ గుడ్డ వేసినట్టు.

మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదన్నారు, నిజంగానే అవసరం పడలేదు. పళ్ళ చుట్టూ పల్చటి రబ్బరు గుడ్డ బిగించారు. నోట్లోంచి ఆరు పళ్ళు మాత్రం బయటికి తొంగిచూస్తున్నాయి. మాట్లాడ్డానికి లేదు, మింగడం కూడా కష్టమే. ఆ గంటంబావులో నన్ను ఇబ్బంది పెట్టింది ఇదొక్కటే. మొదటిచోట ఈ గుడ్డ లేదు, ఆ దూది ఉండలు ఐదు నిమిషాల్లోనే తడిసిపోయాయి.

విరిగిన అంచుని కొంచెం ఏటవాలుగా గీకి, దాని మీద నీలం రంగు జెల్ పెట్టారు. ఫాస్ఫారిక్ ఆమ్లం, 37 శాతం. పదిహేను ఇరవై సెకన్లలో కడిగి ఆరబెడితే పన్ను అక్కడ సున్నం కొట్టినట్టు తెల్లగా, మెరుపు లేకుండా అయింది. ఆమ్లం ఎనామిల్‌లో, అంటే పంటి గట్టి పైపొరలో, కంటికి కనపడని గుంటలు చేస్తుంది, తర్వాత పూసే బాండింగ్ ద్రవం వాటిలోకి దిగి వేళ్ళూనుకుంటుంది. ఇది మొదట కనిపెట్టింది 1955లో మైఖేల్ బ్యూనోకోర్ అనే అమెరికా దంతవైద్యుడు. ఇనుము మీద రంగు బాగా పట్టడానికి ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం వాడటం చూసి, పన్ను మీద ఎందుకు పనిచెయ్యదని ప్రయత్నించాడట. ఇది డాక్టరమ్మే చెప్పారు, జవాబివ్వలేని నోటితో పడుకున్న మనిషికి కథలు చెప్పడం వాళ్ళకి సరదా అనుకుంటాను.

తర్వాత ముద్దని పొరలు పొరలుగా పెట్టడం. ఒక్కో పొర రెండు మిల్లీమీటర్లకి మించకూడదు, మించితే లైటు అడుగుదాకా దిగక లోపల పచ్చిగా ఉండిపోతుంది. పొర పెట్టడం, సన్నటి పనిముట్టుతో సర్దడం, నీలం లైటు ఇరవై సెకన్లు, కీచుమని శబ్దం. మళ్ళీ పొర. కాలరు లోపల ఫ్యూజింగ్ అనే అతుకు గుడ్డ పెట్టి ఇస్త్రీ పెట్టె ఒత్తినట్టే, అక్కడ వేడి, ఇక్కడ వెలుతురు. ఇస్త్రీ పెట్టె తొందరపడి తీసేస్తే రెండో ఉతుక్కి కాలరు బుడగలొస్తుంది కదా. అందుకే ఆవిడ లైటు పట్టుకుని కదలకుండా నిలబడితే నాకు ధైర్యంగా అనిపించింది.

చివరి పావుగంటా నున్నన చెయ్యడమే. గరుకు బిళ్ళ, తర్వాత మెత్తనిది, ఇంకా మెత్తనిది. ఇది అందం కోసం అనుకున్నాను. నున్నగా లేకపోతే టీ, పసుపు అక్కడ పట్టి కూర్చుంటాయట. మళ్ళీ నీలం కాగితం, టకటక. దవడ ముందుకి జరిపినా కింది పన్ను కొత్త మూలకి తగలకుండా వెంట్రుకవాసి తగ్గించారు. నాలుగు వేలు తీసుకున్నారు. అద్దంలో చూసుకుంటే ఏది అతికించిన పన్నో నాకే తెలియలేదు. మా ఆయన రెండుసార్లు తప్పు పన్ను చూపించాడు.

రెండు రోజులు పసుపు, టీ, కాఫీ వద్దన్నారు. పసుపు లేకుండా వండమని మా అత్తయ్యకి చెబితే బాలింత పథ్యంలా ఉందని నవ్వింది. పెరుగన్నం, ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ, పాలు. మూడో రోజు టమాటా పప్పు తింటుంటే పండగలా ఉంది. తర్వాత పసుపు మానలేదు, తెలుగింట్లో అది కుదిరే పని కాదు. తిన్న వెంటనే నీళ్ళు పుక్కిలించడం అలవాటు చేసుకున్నాను. టీ నాలుగు నుంచి రెండుకి వచ్చింది.

అసలు యుద్ధం షాపులో. దారం నోటి దగ్గరికి వెళ్ళడం నేను చేసే పని కాదు, నా చెయ్యి చేసే పని. మొదటి రోజు ఎన్నిసార్లు వెళ్ళిందో నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలని లెక్కపెట్టమంటే, మధ్యాహ్నం భోజనాల వేళకే నలభై దాటిందన్నారు. భయమేసింది. ఇరవై ఐదు రూపాయల దారం కత్తెర కొని తాడు కట్టి మెడలో వేసుకున్నాను. గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకునే అలవాటూ ఉంది, దానికి మణికట్టుకి కట్టుకునే చిన్న దిండు కుట్టుకున్నాను. అయినా చెయ్యి వినలేదు. అప్పుడు ఆ అమ్మాయిల్లో మా పావని ఒక రూలు పెట్టింది: అక్క నోట్లో దారం కనపడితే పది రూపాయలు డబ్బాలో. మొదటి నెల డబ్బాలో మూడొందల ఎనభై పోగయ్యాయి, అందరం మిరపకాయ బజ్జీలు తిన్నాం. రెండో నెల నూట పది. నాలుగో నెల పిల్లలకి బజ్జీలు లేవు, మళ్ళీ కొరకమని నన్ను బతిమాలారు.

తిండి విషయంలో నేననుకున్నంత కష్టం లేదు. ముందు పళ్ళతో కొరకను, కోసుకుని పక్క పళ్ళతో నములుతాను. జామకాయ ముక్కలు, మొక్కజొన్న పొత్తు గింజలు వలుచుకుని, జంతికలు విరుచుకుని. మామిడి టెంక చీకుతాను, గీరను. చెరుకు మాత్రం పూర్తిగా వదిలేశాను, రసం తాగుతున్నాను. చిప్స్ ప్యాకెట్ల మూల, పిన్నీసు, జడకి పెట్టుకునే సైడు పిన్ను, ఇవేవీ పళ్ళతో తెరవను. సైడు పిన్ను మానడానికే ఎక్కువ రోజులు పట్టింది.

పళ్ళపొడి ఇంకో గొడవ. మా అమ్మ ఇప్పటికీ ఎర్ర పళ్ళపొడి వేలితో రుద్దుతుంది. పుట్టింటికి వెళ్ళినప్పుడు నేనూ అదే వాడేదాన్ని. ఆ గరుకు పొళ్ళు, బొగ్గు పేస్టులు, ఉప్పు, అన్నీ కాంపోజిట్ మెరుపుని గీకేస్తాయట, మెరుపు పోతే మరక పడుతుంది. ఇప్పుడు బ్యాగులో మెత్తటి బ్రష్షు, మామూలు ఫ్లోరైడ్ పేస్టు పెట్టుకునే వెళతాను. "మా కాలంలో..." అని అమ్మ మొదలెడుతుంది, విని ఊరుకుంటాను. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వద్దన్నారు, అది రెజిన్‌ని మెత్తబరుస్తుందని.

పద్నాలుగు నెలలప్పుడు అతుకు దగ్గర వెంట్రుకంత సన్నటి గోధుమరంగు గీత కనపడింది. పుచ్చిపోతోందనుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. తీరా వెళితే అది అంచున పట్టిన టీ మరక. పది నిమిషాలు పాలిష్ చేసి ఐదొందలు తీసుకున్నారు. అలాంటి గీత కనపడగానే వచ్చేయాలట, వదిలేస్తే నిజంగానే అంచు కింద పుచ్చు మొదలవ్వచ్చు. అప్పట్నుంచీ ఏడాదికోసారి సంక్రాంతి పని అయిపోగానే వెళ్ళి పాలిష్ చేయించుకుంటున్నాను.

మూడో ఏట ఒక మూల కొద్దిగా చెక్కుకుపోయింది. తప్పు నాదే. మూడు రోజులు ఒక పెళ్ళింటి పని మీద ఊరెళుతూ నైట్ గార్డ్ ఇంట్లో మర్చిపోయాను. పెళ్ళివారి జాకెట్ల టెన్షన్, రాత్రంతా పళ్ళు నూరుడు. పాత ముక్కని గరుకు చేసి దాని మీదే కొత్త ముద్ద పెట్టి అరగంటలో సరిచేశారు. వెనీర్ అయితే ఇలా కుదిరేది కాదు. గొణిగిన ఆ మూడు వేల గార్డే ఇన్నాళ్ళూ పన్నుని కాపాడిందని ఆ మూడు రాత్రులు చెప్పాయి.

నా పన్ను చూసి మా పిన్ని కూతురు తనకీ చేయించమంది. వాళ్ళది కనిగిరి వైపు, ఫ్లోరైడ్ నీళ్ళ ఊరు, చిన్నప్పట్నుంచీ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. తీసుకెళ్ళాను. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్‌ని ఆమ్లం అంత సులువుగా గరుకు చెయ్యలేదనీ, అందుకని అతుకు పట్టు అందరికీ ఉన్నట్టు ఉండకపోవచ్చనీ డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. ముందు మచ్చలు పైపైన గీకి, తెల్లబరిచి చూద్దామన్నారు. దానికి అంతవరకే సరిపోయింది, బాండింగ్ అక్కర్లేకపోయింది.

నాకు నాలుగేళ్ళు దాటింది. మొన్న పావని పెళ్ళిలో తీసిన ఫొటోల్లో నేను పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాను, చెయ్యి మాత్రం సగం దాకా లేచి ఉంది, పాత అలవాటు. కుడి పన్ను మీద గాటు ఇంకా అలాగే ఉంది. దాన్ని కూడా పూడుస్తానని డాక్టరమ్మ అన్నారు, నేనే వద్దన్నాను. ఈమధ్య ఒకరోజు షాపు కట్టేసే ముందు అద్దం దగ్గర నిలబడి నల్లదారం పోగొకటి అందులో పెట్టి చూశాను. ఇప్పటికీ సరిగ్గా ఇముడుతుంది. కొరకలేదులెండి. అయినా పావని చూసింది, పది రూపాయలు డబ్బాలో వేయించింది.